ఎటు అని అడగని ఊరు

గవ్రీల్ గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపమని జిల్లా పత్రిక వాళ్ళు కబురు పెట్టారు. క్లబ్బు కట్టి యాభై ఏళ్ళయిందట, అందులో ముప్పై ఏళ్ళు సినిమాలు ఆడించినవాడి ఫొటో గోడకి పెడతారట, దాని కింద అచ్చు వేయడానికట. పంపాను. "క్రమశిక్షణ గల పనివాడు. తాగేవాడు కాదు. ప్రొజెక్టరు అద్దంలా తుడిచి పెట్టేవాడు." ఒక్క ముక్క అబద్ధం లేదు. కానీ అందులో గవ్రీల్ కూడా లేడు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ చెప్తాను. ఈ దోమ్నా నోరు, అంటే నా నోరు, మంచిది కాదని ఊరంతా అంటుంది. అననివ్వండి. ఆ నోరు తెరవాల్సిన రోజున తెరవలేదన్నదే నా బాధ.

నేను ఆ క్లబ్బులో పొయ్యి రాజేసేదాన్ని. బొగ్గు మొయ్యడం, బూడిద ఎత్తడం, టికెట్లు చింపడం, తాగొచ్చి గోల చేసేవాళ్ళని మెడబట్టి బయటికి నెట్టడం, అన్నీ నేనే. గవ్రీల్ ప్రొజెక్టరు గదిలో ఉండేవాడు, నేను పొయ్యి దగ్గర. ఇరవై ఏళ్ళకి పైగా అలా పనిచేశాం. మా ఇద్దరి మధ్యా ఏదో ఉందని ఊళ్ళో అనుకున్నారు కొన్నాళ్ళు. ఉన్నది బొగ్గు పొగ ఒక్కటే.

మంచు సముద్రపు ఒడ్డున మా ఊరు ఖారా-తాస్‌లో మగాడంటే వేటగాడే. గవ్రీలూ అంతే, తెల్ల నక్కలకి ఉచ్చులు పెట్టేవాడు. ఇరవై ఏడో ఏట మంచు తుఫానులో చిక్కి మూడు రోజులు తిరగేసిన కుక్కల బండి కింద పడుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ ఏడు కాలివేళ్ళు పోయాయి. ఏడు వేళ్ళు లేనివాడు మంచు మీద వేటేం చేస్తాడు? పట్నం పంపి ఆరు నెలలు సినిమా ఆడించడం నేర్పించారు. తిరిగొచ్చాక ఊళ్ళో పరాచికం: "ఏడు వేళ్ళు లంచమిచ్చి కూర్చునే ఉద్యోగం కొట్టేశాడురా!" గవ్రీల్ నవ్వి, "ఇంకా మూడున్నాయి, నీకేమైనా కావాలా?" అనేవాడు.

సినిమాలన్నీ రష్యన్ భాషలో వచ్చేవి. ముసలివాళ్ళకి ఆ భాష రాదు. అందుకని గవ్రీల్ ప్రొజెక్టరు పక్కన నిలబడి మా భాషలో గట్టిగా చెప్తూ ఉండేవాడు. అది సినిమాకన్నా బాగుండేది. ముద్దుల సీను వస్తే, "వీళ్ళిద్దరికీ కంట్లో నలక పడింది, ఒకరిది ఒకరు ఊదుకుంటున్నారు, మీరు పట్టించుకోకండి" అనేవాడు. అమ్మమ్మలు నోళ్ళు మూసుకుని పడీ పడీ నవ్వేవాళ్ళు. పెద్ద అధికారి ఉపన్యాసమిచ్చే సీను వస్తే, "ఈయన చాలాసేపు మాట్లాడతాడు, ఈలోపు ఎవరైనా బయటికెళ్ళాలంటే వెళ్ళి రండి" అనేవాడు. మా ఊరి వేటగాళ్ళ సమష్టి సంఘానికి అధిపతి కుప్రియాన్ రెండుసార్లు పిలిచి చీవాట్లు పెట్టాడు. అతనిక్కూడా నవ్వు ఆగలేదనుకోండి.

గవ్రీల్ పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మ ఫెక్లాతో ఉండేవాడు. ఉండేవాడనడం కూడా ఎక్కువే. ఫెక్లా పెద్దమ్మ ఊరి చివర గుడిసెలో తన ఏడు కుక్కలతో ఉండేది, అతను క్లబ్బు వెనక గదిలో. ఆవిడ అరవై ఆరేళ్ళప్పుడు కూడా ఒక్కతే బండి కట్టుకుని దక్షిణాన చెరువులకి పోయి, మంచు కింద వలలేసి, బండెడు చేపలతో తిరిగొచ్చేది. సినిమాలకి వచ్చేది కాదు. "లేని మనుషుల ఏడుపులు నేనెందుకు చూడాలి? ఉన్నవాళ్ళవి చాలవా?" అనేది.

ఆవిడకి ఏడవడానికి చాలానే ఉంది. యుద్ధంలో, నలభై మూడులో, మా తీరమంతా ఆకలితో మలమల మాడింది. పట్టిన చేపంతా సైన్యానికి పోయేది. ఆ చలికాలం ఫెక్లా ఇద్దరు ఆడపిల్లల్ని మంచులో పూడ్చిపెట్టింది. గవ్రీల్ ఒక్కడే మిగిలాడు. వసంతం వచ్చేసరికి మొగుడు ఇగ్నాత్ కుక్కల్ని కట్టుకుని గడ్డకట్టిన సముద్రం మీదికి, ఉత్తరానికి పోయాడు. ఎందుకంటారా? బాతుల నేల కోసం.

అది మా తాతల నాటి మాట. ప్రతి వసంతం అడవిబాతులు మా ఊరి మీదుగా సముద్రం పైకి, ఉత్తరానికే పోతాయి. అక్కడున్నది మంచు. మంచులో బాతు ఏం తింటుంది? కాబట్టి ఆ అవతల గడ్డి ఉండాలి, నేల ఉండాలి, వెచ్చటి నీళ్ళుండాలి. ఆకాశం తేటగా ఉన్న రోజున దూరంగా నల్లటి కొండలు కనపడ్డాయని ఒట్టేసినవాళ్ళు ఊళ్ళో ప్రతి తరంలోనూ ఉన్నారు. తర్వాత విమానాలు ఎగిరి చూశాయి, ఏమీ లేదన్నారు, పటాల్లోంచి కొట్టేశారు. కొట్టేస్తే కొట్టేశారు, బాతులు మాత్రం అటే పోతున్నాయిగా అనేవాళ్ళు మావాళ్ళు. ఇగ్నాత్ తిరిగి రాలేదు. శవం దొరకలేదు. అక్కడికి చేరినవాడు ఎందుకు తిరిగొస్తాడు, కడుపు నిండాక, అని కొందరన్నారు. ఫెక్లా పెద్దమ్మ ఏమీ అనలేదు. కానీ ఏటా బాతులొచ్చే వారం రోజులూ ఆవిడ దగ్గరికి ఎవరూ పోయేవాళ్ళు కాదు, కుక్కలు కూడా తోకలు ముడుచుకునేవి.

ఇగ్నాత్ బయల్దేరిన పొద్దున గవ్రీల్‌కి పదకొండేళ్ళు. "నాన్నా, ఎటు" అని నోరు తెరవబోతే వాళ్ళమ్మ చెంప ఛెళ్ళుమనిపించిందట. మా దగ్గర వేటకి పోయేవాణ్ణి ఎటు అని అడగరు. చేపలకి పోతున్నా, ఉచ్చులు చూసుకోవడానికి పోతున్నా అంతే. అడిగితే ఆ మాట వాడికన్నా ముందు వెళ్ళి మృగానికి చెప్పేస్తుంది, సముద్రానికి చెప్పేస్తుంది. బండి కట్టినవాడు ఎదురైతే కళ్ళు దించుకుని పక్కకి తప్పుకోవాలి. వాడు తిరిగొచ్చేదాకా వాడెటు పోయాడో నీకు తెలిసినా నోట రానివ్వకూడదు. మీకిది మూఢనమ్మకం. సరే. నా సంగతి వినండి. మా ఆయన సీలు వేటకి పోయినప్పుడు, పక్కింటావిడ చక్కెర అప్పు అడగడానికొచ్చి "మీ ఆయన లేడా?" అంటే, "కొండకొమ్ము దాటి సముద్రం వైపు పోయాడు" అన్నాను. అంతే, ఆ ఒక్క మాటే. మంచు విరిగి మునిగిపోయాడు. మా అత్త చచ్చేదాకా నన్ను పేరు పెట్టి పిలవలేదు, "నోరుజారినదానా" అనేది. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. ఆ తర్వాత మూడేళ్ళకే నేను చెప్పబోయే సినిమా వచ్చింది.

డెబ్బై అయిదు మార్చిలో విమానంలో పది డబ్బాలొచ్చాయి. గవ్రీల్ ఎప్పట్లాగే మధ్యాహ్నం ఒక్కడే రీళ్ళన్నీ వేసి చూసుకున్నాడు, తెగినచోట అతికించాలి కదా. నేను పొయ్యి దగ్గరున్నాను. సినిమా అయ్యాక బయటికొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమయ్యా, దెయ్యాల సినిమానా?" అన్నాను.

"బాతుల నేల దోమ్నా."

"ఏంటీ?"

"మంచు దాటి పోతారు. పక్షుల వెంట పోతారు. అక్కడ పచ్చటి లోయ, వేడినీళ్ళు, మనుషులు. అచ్చం మన ముసలాళ్ళు చెప్పినట్టే. ఎక్కడో దక్షిణాన తీశారులే, ఆ చెట్లు చూస్తేనే తెలుస్తోంది. మంచంతా దూదీ సుద్దపొడీ."

"అయితే దానికంత పాలిపోవడమెందుకు?"

"ఆఖరి రీల్లో ఆ నేల చచ్చిపోతుంది. కొండ పగులుతుంది, వేడినీళ్ళు ఆగిపోతాయి, పచ్చగడ్డి మీద మంచు కురుస్తుంది. అక్కడున్న వాళ్ళందరూ..." అని ఆగాడు. "అమ్మ వస్తానంటోంది. ఊళ్ళో ఎవరో చెప్పేశారు, బాతుల నేల చూపిస్తారట అని."

నేను బొగ్గు వేస్తూ ఆలోచించాను. "ఆఖరి రీలు రాలేదని చెప్పెయ్. తొమ్మిదే వచ్చాయని చెప్పెయ్. ఎవరడుగుతారు?"

గవ్రీల్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత పదో డబ్బా తెచ్చి నా టికెట్ల బల్ల కింద పెట్టాడు. కాబట్టి చూడండి, ఆ తెలివి నాదే. అతను వాళ్ళమ్మ కోసం అనుకున్నాడు, నేను పీడా పోతుందిలే అనుకున్నాను.

ఫెక్లా పెద్దమ్మ మొదటి వరసలో కూర్చుంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తోలు టోపీ తియ్యకుండా. వెనకవాళ్ళు "పెద్దమ్మా, టోపీ!" అని గోల. "నా తల చల్లబడితే నువ్వొచ్చి రుద్దుతావా?" అని ఒకసారి తిరిగింది, అంతే, మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు గవ్రీల్ పరాచికాలు ఆడలేదు. పద్యం చదివినట్టు చెప్పుకుపోయాడు. తెర మీద బాతులు గుంపుగా మంచు మీదుగా ఎగిరినప్పుడు మా పొయ్యి చప్పుడు నాకే పెద్దగా వినపడింది. లోయ కనిపించింది, గడ్డి గాలికి ఊగింది, ఆవిర్లు లేచే నీళ్ళలో మనుషులు నిలబడి నవ్వారు. తొమ్మిదో రీలు అయిపోయింది. దీపం వెలిగింది. "ఆఖరి రీలు రాలేదు, నేను చెప్తా" అన్నాడు గవ్రీల్. "వాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఇప్పటికీ ఉన్నారు. ఇల్లు కట్టుకున్నారు, చేపలు పడుతున్నారు. అంతే."

జనం లేవబోతున్నారు. ఫెక్లా పెద్దమ్మ లేవలేదు. "ఒరేయ్ గవ్రీలూ, మనవాళ్ళెవరైనా ఉన్నారటరా అక్కడ?"

కుర్రకారు కిసుక్కుమన్నారు. గవ్రీల్ ప్రొజెక్టరు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆ కాసేపట్లో అతను నిజం చెప్పాలనే అనుకున్నాడని నాకు చెప్పాడు తర్వాత. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఉన్నారమ్మా."

"సరే" అంది ఆవిడ. లేచి టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ వసంతమంతా ఆవిడ నెమ్మదిగా, సంతోషంగా ఉంది. అందరితో మాట్లాడింది. నాకు ఒక జత చేతి తొడుగులు కుట్టిచ్చింది. గవ్రీల్ మురిసిపోయాడు. "చూశావా దోమ్నా, ఒక్క రీలు దాస్తే మా అమ్మకి ఎంత నెమ్మదో!" అన్నాడు.

మే నెల నడిమికి బాతులొచ్చాయి. ఆ కాలంలో మాకు పొద్దు కుంకదు, చీకటి పడదు. ఒకరోజు పొద్దున్నే నేను క్లబ్బు బూడిద పారబోయడానికి ఊరి చివరికెళ్ళాను. ఫెక్లా పెద్దమ్మ బండి కట్టుకుని వస్తోంది. అంతకు ముందే గవ్రీల్ ఆవిడకి టీ కాచి ఫ్లాస్కులో పోసిచ్చాడట, చెరువులకి వలల కోసం పోతోందనుకున్నాడు, ఎటు అని అడగలేదు. తల్లి చెంపదెబ్బ తిన్నవాడు అడుగుతాడా? చెరువుల దారి బూడిదకుప్ప దగ్గర కుడికి, దక్షిణానికి తిరుగుతుంది. ఆవిడ కుక్కల్ని ఎడమకి తిప్పింది, సముద్రం వైపు. బండి మీద వలలు లేవు. చేపల పెట్టె లేదు. మూట ఒకటి, టీ కెటిల్, కొత్త చేతి తొడుగులు ఇంకో జత.

నన్ను చూసి బండి ఆపింది. కుక్కలు ఊరికే ఆగవు, వాటిని గట్టిగా అదిలించి మరీ ఆపింది. నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. మర్యాద కదా. బకెట్టు పక్కకి పెట్టి తప్పుకున్నాను. ఆవిడ ఇంకా కాసేపు అలాగే ఉంది. "బూడిద ఎగురుతోందే దోమ్నా, కళ్ళలో పడుతుంది, జాగ్రత్త" అంది. నేను తలూపాను. బండి కదిలింది. నాకు తెలుసు. ఎటు పోతోందో, ఎందుకు పోతోందో నాకు తెలుసు. ఆ కొత్త తొడుగులు మగవాడి కొలతవి.

రెండో రోజు సాయంత్రానికి ఆవిడ రావాలి, రాలేదు. మూడో రోజు నాలుగు బళ్ళు చెరువులకి పోయాయి. అక్కడ జాడ లేదు, కానీ ముందురోజు మంచు కురిసింది కాబట్టి జాడ లేకపోవడానికి అర్థమేమీ లేదనుకున్నారు. ఇంకా దూరం చెరువులకి పోయిందేమో, నీళ్ళలో పడిందేమో అని దక్షిణమంతా గాలించారు. మే నెల మంచు, పైన గట్టిగానే ఉంటుంది, కింద కుళ్ళిపోయి ఉంటుంది. ఒక్కో రోజు గడిచేకొద్దీ ఆవిడ బతికుండే ఆశ తగ్గిపోతుందని చిన్నపిల్లలకీ తెలుసు.

నాలుగో రోజు పట్నం నుంచి మంచు మీద దిగే చిన్న విమానం వచ్చింది. కుప్రియాన్ ఊరందరినీ క్లబ్బుకి పిలిపించాడు.

"విమానానికి ఒక్క రోజుకే ఇంధనం ఉంది. మళ్ళీ తెప్పించాలంటే రెండ్రోజులు. ఏ దిక్కుకి పంపాలో చెప్పండి. ఆమె పోవడం చూసినవాళ్ళెవరు?"

మగాళ్ళందరూ బూట్లు చూసుకుంటున్నారు.

"అయ్యో దేవుడా, మీ నోళ్ళు కుట్టేశారా!" అనే అరుపు మీ దగ్గరైతే వినపడేది. కుప్రియాన్ మా తీరంవాడే, అతను అరవలేదు. మా సంగతి అతనికి తెలుసు. "ఇది వేట కాదర్రా. ఒక ముసల్ది తప్పిపోయింది. చెప్పినా తప్పులేదు" అన్నాడు, బతిమాలినట్టు.

గవ్రీల్ పొయ్యి పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. కాదు, నన్ను కాదు, అందర్నీ చూస్తున్నాడు, నాకలా అనిపించింది. నా నాలుక మీద ఆ మాట ఉంది. సముద్రం అన్న మాట. మా అత్త గొంతు చెవిలో వినపడింది. ఒకసారి చెప్పి మొగుణ్ణి ముంచాను, ఇప్పుడు చెప్పి ఈవిణ్ణి కూడా ముంచాలా? చెప్పకపోతే బతికి వస్తుంది. దేవుడు సాక్షి, నేను అలాగే అనుకున్నాను. ఆవిడ కోసమే నోరు మూసుకున్నాననుకున్నాను. విమానం దక్షిణానికి ఎగిరింది. సాయంత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

ఆరో రోజుకి మళ్ళీ ఇంధనం వచ్చింది. ఆ పొద్దున గవ్రీల్ చెరువుల నుంచి తిరిగొచ్చి క్లబ్బులో నా పొయ్యి ముందు కూలబడ్డాడు. మంచు వెలుగుకి కళ్ళు వాచి మూసుకుపోయాయి, వేళ్ళులేని పాదాల్లోంచి నెత్తురు బూట్లు దాటి కారింది. బూట్లు నేనే విప్పాను. అతను ఏడవలేదు. "అమ్మకి ఆ రోజు టీలో చక్కెర వేశానో లేదో గుర్తు రావట్లేదు దోమ్నా" అన్నాడు. అంతే. నా వల్ల కాలేదు.

"సముద్రం వైపు" అన్నాను.

అతను తలెత్తాడు.

"ఇప్పుడే... ఇప్పుడే గుర్తొచ్చింది నాకు. ఆ రోజు దూరం నుంచి చూశాను. ఎవరి బండో అనుకున్నాను. ఇప్పుడు తట్టింది, అది మీ అమ్మదే" అన్నాను.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, నాకే ఆశ్చర్యం. గవ్రీల్ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ వాచిన కళ్ళకి.

విమానం ఈసారి సముద్రం వైపు ఎగిరింది. నలభై మైళ్ళ దూరంలో, విడిపోయిన మంచుగడ్డ మీద ఉంది ఆవిడ. దానికీ తీరపు మంచుకీ మధ్య అర మైలు నల్లటి నీళ్ళు. బండి చెక్కలన్నీ కాల్చేసింది టీ కోసం, చలి కోసం, కింది కమ్ములు రెండే మిగిలాయి. కుక్కల పట్టీలు విప్పేసింది, అయినా అవి పోలేదు, ఏడూ ఆవిడ మీదే పడుకుని ఉన్నాయి. ఒక్క కుక్కని కూడా కోసుకోలేదు. బండి కమ్ములు ఊరి వైపు తిరిగి ఉన్నాయి. అంటే ఆవిడ వెళ్ళింది, చూసింది, ఏమీ లేదని తెలుసుకుని వెనక్కి తిరిగింది. ఇంటికొస్తుంటే దారి విడిపోయింది. అక్కడ కూర్చుని మాకోసం చూసింది. ఊరి నర్సమ్మ పరీక్ష చేసి, ప్రాణం పోయి ఒక్క రోజు కూడా కాలేదంది. నిన్నటిదాకా ఊపిరుందంది. అలా ఎందుకు చెప్పావే అని నాకిప్పటికీ ఆవిడ మీద కోపం. మనసులో ఉంచుకుంటే ఏం పోయింది?

పూడ్చిన రోజున, క్లబ్బులో అందరూ టీ తాగుతుంటే, గవ్రీల్ నా బల్ల కింద నుంచి పదో డబ్బా తీసి మధ్యలో పెట్టాడు. "రీలు వచ్చింది. నేను దాచాను. మా అమ్మని నేనే చంపాను" అన్నాడు. ఎవరో "ఊరుకోరా" అన్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు. అప్పుడు నేను లేచి నిలబడాలి. టీ కప్పులు ఎత్తడానికి లేచాను.

ఆ తర్వాత అతను మారిపోయాడు. ఎలా మారాడంటే, ఊరి మొగలో నిలబడి, బండి కట్టిన ప్రతివాణ్ణీ "ఎటు?" అని అడగడం మొదలెట్టాడు. మా ఊళ్ళో అది ముఖం మీద ఉమ్మినట్టు. వేటగాళ్ళు బూతులు తిట్టేవాళ్ళు. ఆ మాట పడ్డ రోజున వేట పనికిరాదని బళ్ళు విప్పేసి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఒకసారి ఇద్దరు కలిసి కొట్టారు, రెండు ముందుపళ్ళు పోయాయి. పళ్ళు లేని నోటితోనే మర్నాడు మళ్ళీ "ఎటు?" అన్నాడు. అడిగి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. చివరికి వేటగాళ్ళు క్లబ్బు వెనక గుట్ట చుట్టూ తిరిగి పోవడం నేర్చుకున్నారు. సినిమా ముందు నిలబడి, "ఆఖర్లో పెళ్ళికూతురు చచ్చిపోతుంది, ముందే చెప్తున్నా" అనేవాడు. జనం ఈలలేసేవాళ్ళు. అమ్మమ్మలు రావడం మానేశారు. అతని మాటల్లో నవ్వు పోయింది, మరి ఎందుకొస్తారు?

నన్ను మాత్రం దేవతలా చూసేవాడు. "ఊరంతా నోరు మూసుకుంటే ఒక్క దోమ్నాయే చెప్పింది. అమ్మ సముద్రంలో కాదు, మట్టిలో ఉందంటే దోమ్నా వల్లే" అని కొత్తవాళ్ళకి కూడా చెప్పేవాడు. ఏటా బాతులొచ్చేవేళకి పెద్ద చేపొకటి తెచ్చి నా గుమ్మంలో పెట్టేవాడు. పదిహేడేళ్ళు. నేను తీసుకున్నాను, గడ్డకట్టిన చేపని పల్చగా చెక్కి ఉప్పద్దుకుని తిన్నాను. గొంతు దిగింది. దిగదనుకుంటారు గానీ, దిగుతుంది.

తొంభై రెండులో అతని ఊపిరితిత్తులు చెడిపోయాయి. అప్పటికి క్లబ్బు కప్పు కారుతోంది, సినిమా డబ్బాలు రావడం ఆగిపోయింది, ఆ పాత ప్రభుత్వమే లేదు. మా ఊరి ఆసుపత్రిలో నాలుగు మంచాలు, మూడు ఖాళీ. గవ్రీల్ గోడ వైపు తిరిగి పడుకునేవాడు, నిద్రపోయేవాడు కాదు, తినేవాడు కాదు. నిద్రపోతే అమ్మ మంచుగడ్డ మీద కూర్చుని కనిపిస్తుందట, "ఉన్నారన్నావుగా" అంటుందట. నర్సమ్మ నాతో, "ఇక రెండు మూడు రోజులే, చెప్పాల్సింది ఏమైనా ఉంటే చెప్పుకో" అంది, ఏదో మామూలుగా.

కూర్చున్నాను. చాలాసేపు దుప్పటి సర్దాను.

"గవ్రీల్. నేను ఆ రోజు దూరం నుంచి చూడలేదు. బూడిదకుప్ప దగ్గర చూశాను. నీకూ నాకూ ఎంత దూరమో అంత."

అతను కదల్లేదు.

"మొదటి రోజే తెలుసు నాకు. గుర్తు రాకపోవడం కాదు. ఆరు రోజులు నోరు మూసుకున్నాను. కుప్రియాన్ అడిగినప్పుడు కూడా. ఆవిడ నా కోసం బండి ఆపింది గవ్రీల్. అడుగుతానని ఆగింది. అడిగితే వెనక్కి తిరిగేదేమో. నేను కళ్ళు దించుకున్నాను."

మెల్లగా ఇటు తిరిగాడు. నన్ను తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, చెయ్యి లేస్తే. ముఖం చూశాను. మొదట అర్థం కానట్టు పెట్టాడు, తర్వాత కనుబొమ్మలు విడిపోయాయి, పిల్లాడి ముఖంలా అయిపోయింది.

"అంటే నేనొక్కణ్ణే కాదా?" అన్నాడు.

"కాదు."

"నేనొక్కణ్ణే కాదు" అన్నాడు మళ్ళీ, గట్టిగా ఊపిరి వదిలి. "దోమ్నా, రీలు దాచమని కూడా నువ్వే చెప్పావు కదూ?"

"నేనే చెప్పాను."

"అవును, నువ్వే" అని నవ్వాడు. పళ్ళులేని నోటితో, నిజంగా నవ్వాడు. ఆ నవ్వు చూసి పదిహేడేళ్ళయింది. కళ్ళు మూసుకున్నాడు, గురక మొదలైంది.

రెండు మూడు రోజులన్నవాడు ఇరవై రోజులు బతికాడు. రోజూ చారు తాగాడు, రొట్టె అడిగాడు. నర్సమ్మతో పరాచికాలాడాడు, పక్క మంచంలోకొచ్చిన ముసలాయనకి మందు చీటీ చదివి మా భాషలో అర్థం చెప్పాడు, అంతా తప్పు, నవ్వలేక చచ్చాం. ఏటా తెచ్చిచ్చిన చేపల గురించి, ఎందుకు చెప్పలేదన్నదాని గురించి ఒక్క మాట అడగలేదు. నన్ను చూస్తే మాత్రం కాస్త పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చేవాడు. నిద్రలోనే పోయాడు.

"ఏం మందు పెట్టావమ్మా అతనికి?" అని నర్సమ్మ నన్ను అడిగింది, దుప్పటి మడుస్తూ. "ఇన్నాళ్ళూ లేని నిద్ర, ఎక్కణ్ణుంచొచ్చింది?"

ఏమీ లేదన్నాను. అదే మాట అతనికి మొదటి ఏడాదే చెప్పి ఉంటే, ఆ ఇరవై రోజుల్లా పదిహేడేళ్ళు ఉండేవాడు.